యూజబిలిటీ, విజువల్ డిజైన్: రెండూ ఒకటేనా, ఏది ఎప్పుడు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఎనిమిది మంది ఉన్న చిన్న కంపెనీ మీది. ఎరువుల దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నారు. మీకు ఒక గ్రాఫిక్ డిజైనర్ ఉన్నారు. "యూఐ (స్క్రీన్ కనిపించే తీరు) అన్నా యూఎక్స్ (వాడేవాళ్ల అనుభవం) అన్నా ఒకటే, అంతా ఆయనే చూసుకుంటాడు" అని మేనేజరు అంటున్నారు. "ముందు కోడ్ కానివ్వండి, రంగులూ హంగులూ చివర్లో చూద్దాం" అని ప్రోగ్రామర్లు అంటున్నారు. యూజబిలిటీకి, అంటే వాడటానికి ఎంత అనువుగా ఉందో చూసే పనికి, విడిగా మనిషి కావాలా, కావాలంటే ఏ దశలో అన్నది మీ సందేహం.

సూటిగా చెబుతాను. అవి రెండు వేరు పనులు. ఇద్దరు మనుషులు ఉండి తీరాలని లేదు కానీ రెండు పనులూ జరిగి తీరాలి, అవీ వరుస తప్పకుండా. యూజబిలిటీ పని మొదటి లైను కోడ్ రాయకముందే మొదలవ్వాలి. విజువల్ డిజైన్ పని, స్క్రీన్ మీద ఏమేమి ఉండాలో తేలిన రోజున మొదలవ్వాలి. మీ మేనేజరు చెప్పిందీ, ప్రోగ్రామర్లు చెప్పిందీ రెండూ పొరపాటే. నేను ఈ రెండు పొరపాట్లూ చేసినవాణ్నే కాబట్టి వాళ్ల మీద నాకు కోపమేమీ లేదు.

నేను మొదట ప్రోగ్రామర్‌ని. ఆ తర్వాత పదమూడేళ్లుగా యూజబిలిటీ పనే చేస్తున్నాను.

ముందు తేడా సంగతి. యూజబిలిటీకి ఐఎస్ఓ 9241-11 అనే అంతర్జాతీయ ప్రమాణంలో నిర్వచనం ఉంది. 1998లో వచ్చింది, 2018లో సవరించారు. ఫలానా వాళ్లు, ఫలానా పని కోసం, ఫలానా పరిస్థితిలో వాడినప్పుడు ఆ పని సరిగ్గా పూర్తయిందా, ఎంత శ్రమతో పూర్తయింది, వాళ్లకు తృప్తిగా ఉందా అని అది అడుగుతుంది. ఆ 'ఫలానా'లే అసలు కీలకం. మీ ఆఫీసులో ఏసీ గదిలో కూర్చుని చూస్తే ఏ స్క్రీనైనా బాగానే ఉంటుంది. విజువల్ డిజైన్ పని వేరు. ఉన్నవాటిలో కన్ను ముందు దేని మీద పడాలి, దేన్ని దేనితో కలిపి చూడాలి, దేన్ని వదిలేయవచ్చు అన్నది అక్షరాల సైజుతో, ఖాళీ జాగాతో, రంగుతో, వరుసతో చెప్పడం. ఇల్లు కట్టేటప్పుడు వంటగది ఎక్కడ, తలుపు ఎటు తెరుచుకోవాలి అన్నది మొదటి పని. వెలుతురు ఎటునుంచి పడాలి అన్నది రెండోది. రెండోదాన్ని మనవాళ్లు గోడలకు సున్నం వేయడం అనుకుంటారు. అక్కడే తేడా వస్తుంది.

మొదటి పని జరగకపోతే ఏమవుతుందో నా అనుభవం చెబుతాను. ఒక జిల్లా కేంద్రంలో ప్రైవేటు ఆస్పత్రికి ఓపీ రిజిస్ట్రేషన్ సాఫ్ట్‌వేర్ చేశాం. వాళ్ల పాత సాఫ్ట్‌వేర్ ఫాక్స్‌ప్రో అనే పాతకాలపు ప్రోగ్రామింగ్ భాషలో రాసింది. నల్లటి స్క్రీన్, తెల్లటి అక్షరాలు, చూడటానికి దిక్కుమాలినట్టు ఉండేది. మేము లేత ఆకుపచ్చ రంగు, గుండ్రటి అంచులు, పుట్టినతేదీకి ముచ్చటైన క్యాలెండరు పెట్టాం. డెమోలో యాజమాన్యం మెచ్చుకుంది. మూడో రోజు ఉదయం ఫోన్ వచ్చింది: క్యూ వరండా దాటి మెట్ల మీదికి వచ్చిందని.

వెళ్లి కౌంటర్ వెనక ఒక ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చున్నాను. కౌంటర్‌లో అమ్మాయి అడిగింది, "వయసెంత పెద్దాయనా?" అని. "అరవై అయిదు ఉంటాయమ్మా" అన్నాడాయన. ఆయన చెప్పింది వయసు. మా స్క్రీన్ అడుగుతున్నది పుట్టినతేదీ. మా క్యాలెండరు ఈ నెలతో తెరుచుకుంటుంది, తేదీని టైపు చేయనివ్వదు, ఏడాదికో నొక్కు చొప్పున అరవై అయిదు సార్లు వెనక్కి నొక్కాలి. ఆ అమ్మాయి మొదటి రోజంతా నొక్కిందట. రెండో రోజు నుంచి అందరికీ ఆ రోజు తేదీయే ఇచ్చేస్తోంది. చీటీ మీద వయసు '0' అని అచ్చవుతుంది. ఆమె దాన్ని పెన్నుతో కొట్టేసి 65 అని రాసి చేతికిస్తోంది.

ఇంకా ఉంది. పేరుకు రెండు గడులు పెట్టాం, అమెరికా ఫారాల్లో చూసి. రెండోది ఇంటిపేరు, అది నింపితేగాని ముందుకు పోదు. మన ఊళ్లలో ఇంటిపేరు ముందొస్తుంది, కొందరు చెప్పరు, కొందరికి ఒక్క అక్షరంతో సరి. ఆమె ఆ గడిలో ఒక చుక్క కొట్టి ముందుకు పోతోంది. డేటాబేస్ తెరిచి చూస్తే వందల మంది రోగుల ఇంటిపేరు చుక్క. పాత సాఫ్ట్‌వేర్‌లో ఎంటర్ నొక్కితే తర్వాతి గడికి వెళ్లేది. ఆమె ఎడమచేత్తో రోగి పాత చీటీ పట్టుకుని, కుడిచేత్తో కీబోర్డు మీదే పని కానిచ్చేది. మా దాంట్లో ప్రతి గడికీ మౌస్ పట్టుకోవాలి.

సరిచేయడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. వయసు గడి పెట్టి, పుట్టిన సంవత్సరాన్ని సాఫ్ట్‌వేరే లెక్కగట్టేలా చేశాం. ఆధార్‌లో కూడా తేదీ తెలియనివాళ్లకు పుట్టిన సంవత్సరం మాత్రమే ఉండే కార్డులు ఉన్నాయని మాకు అప్పుడు గుర్తొచ్చింది. పేరుకు ఒకే గడి ఉంచాం. ఎంటర్‌కు దాని పాత పని దానికి ఇచ్చేశాం. ఆకుపచ్చ రంగు అలాగే ఉంది, ఒక్క అంచు కూడా మార్చలేదు. క్యూ మళ్లీ వరండాలోకి వెనక్కి వచ్చింది.

ఇవన్నీ చిన్న ఆస్పత్రి కష్టాలు అని మీ మేనేజరు అనవచ్చు. ఆయనకు సిటీబ్యాంకు సంగతి చెప్పండి. 2020 ఆగస్టులో రెవ్లాన్ అనే సౌందర్య సాధనాల కంపెనీ తీసుకున్న అప్పు మీద అప్పిచ్చినవాళ్లకు సుమారు 78 లక్షల డాలర్ల వడ్డీ పంపాల్సి ఉండగా, ఆ బ్యాంకు అసలుతో సహా దాదాపు 90 కోట్ల డాలర్లు పంపేసింది. వాడిన సాఫ్ట్‌వేర్ ఫ్లెక్స్‌క్యూబ్. అసలు సొమ్ము బయటికి పోకుండా లోపలి ఖాతాలోకి మళ్లించాలంటే ఆ స్క్రీన్ మీద ప్రిన్సిపల్, ఫ్రంట్, ఫండ్ అనే మూడు గడుల్లోనూ టిక్కు పెట్టాలి. ఒక్క ప్రిన్సిపల్‌కు పెడితే చాలనుకున్నారు. ఒకరు నమోదు చేశారు, ఇంకొకరు సరిచూశారు, మూడో వ్యక్తి ఆమోదించారు. ఆరు కళ్లు చూసినా ఎవరికీ అనుమానం రాలేదు. డబ్బు బ్యాంకు బయటికి పోతుందని హెచ్చరిక కూడా వచ్చింది. కాకపోతే ఎంత డబ్బు అన్నది అందులో లేదు. వడ్డీ ఎలాగూ బయటికి పోవాల్సిందే కదా అని 'అవును' నొక్కారు. సుమారు 50 కోట్ల డాలర్లు తిరిగి ఇవ్వబోమని కొందరు మొండికేశారు. 2021లో కింది కోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది, 2022లో పై కోర్టు దాన్ని తిప్పికొట్టింది. ఆ స్క్రీన్‌కు ఎంత అందమైన రంగులు వేసినా ఆ మూడు గడుల పేర్లు ఎవరికీ అర్థమయ్యేవి కావు. అందులో "ఇంత అసలు బ్యాంకు దాటి వెళుతుంది" అన్న ఒక్క వాక్యం, అంకెతో సహా, ఉంటే చాలు.

ఇంతవరకు చదివి, విజువల్ డిజైన్ అక్కర్లేదని అనుకోకండి. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. గ్రాఫిక్స్ వాళ్లంటే నాకు కాస్త చిన్నచూపు ఉండేది, దాచడమెందుకు. ఆ పొగరు దిగింది ఒక పాల సేకరణ కేంద్రంలో.

తెల్లవారుజామున అయిదింటికి రైతులు క్యాన్లతో వస్తారు. పాలు తూస్తారు, యంత్రంలో వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థాల శాతం) చూస్తారు, దాన్నిబట్టి ధర వస్తుంది. మా స్క్రీన్ మీద లీటర్లు, వెన్న, ఎస్ఎన్ఎఫ్, ధర, మొత్తం: అయిదు అంకెలు ఒకే వరుసలో, ఒకే సైజులో. నేను పరీక్షించి మరీ పెట్టాను. ఆపరేటర్ ఒక్క తప్పు లేకుండా వాడుతున్నాడు. నా లెక్కలో పని అయిపోయింది. కానీ రోజూ గొడవే. బల్లకు అవతల నిలబడిన రైతు మెడ చాచి స్క్రీన్ చూస్తాడు. గేదె పాలకు వెన్న 6.4 వస్తే పక్కనే ఉన్న ఎస్ఎన్ఎఫ్ 8.9 చూసి అదే వెన్న అనుకుంటాడు. చీటీలో 6.4 పడితే, "అక్కడ ఎనిమిది తొమ్మిది చూపించి ఇక్కడ తగ్గించారు" అని తగువు.

మా దగ్గర అప్పుడే చేరిన ఒక విజువల్ డిజైనర్, ఇరవై నాలుగేళ్ల అమ్మాయి, నాతో వచ్చి ఒక పూట నిలబడి చూసింది. వెన్న శాతాన్నీ, మొత్తం సొమ్మునూ బల్ల అవతల నుంచి కనిపించేంత పెద్దవి చేసింది. మిగతా మూడూ చిన్నవి చేసి కిందికి దించింది. గడుల మధ్య గీతలన్నీ తీసేసింది. ప్రతి అంకె పక్కన దాని పేరు తెలుగులో పెట్టింది. ఒక్క కొత్త బటన్ లేదు, పని వరుసలో ఒక్క మార్పు లేదు. తగువులు చాలావరకు ఆగిపోయాయి. వాడేవాడు ఆపరేటరు ఒక్కడే అనుకుని నేను స్క్రీన్ గీశాను. చూసేవాళ్లు కూడా ఉంటారని ఆమె కంటితో పట్టుకుంది.

కనిపించే తీరు వాడేవాళ్ల అభిప్రాయాన్ని మారుస్తుందనడానికి పరిశోధన మద్దతు కూడా ఉంది. 1995లో జపాన్‌లో కురోసు, కషిమురా అనే ఇద్దరు, ఏటీఎం బటన్ల అమరికలు 26 రకాలు తయారుచేసి 252 మందికి చూపించారు. అందంగా కనిపించినవే వాడటానికి సులువుగా ఉంటాయని జనం అనుకున్నారు, నిజంగా సులువైనవా కాదా అన్నదానితో పెద్దగా సంబంధం లేకుండా. ఇజ్రాయెల్‌కు చెందిన ట్రాక్టిన్‌స్కీ అనే పరిశోధకుడు దీన్ని నమ్మలేదు. జపాన్ వాళ్లకు సౌందర్య దృష్టి ఎక్కువ, మా దగ్గర అలా ఉండదు అనుకుని 1997లో అదే ప్రయోగం మళ్లీ చేశాడు. అక్కడ ఆ సంబంధం ఇంకా గట్టిగా కనిపించింది. దీన్ని రెండు రకాలుగా చదవాలి. ఒకటి, పొందికగా కనిపించే సాఫ్ట్‌వేర్‌ను జనం సులువనుకునే మొదలుపెడతారు. రెండోది కాస్త ప్రమాదకరమైనది: డెమోలో అందం చూసి క్లయింటు 'సులువుగా ఉంది' అంటే ఆ మాటను నమ్మకండి. మా ఆస్పత్రి డెమోలో జరిగింది సరిగ్గా అదే.

అందుకే వరుస ముఖ్యం అంటున్నాను. మొదటి మీటింగ్‌లోనే రంగుల మాక్అప్ (నమూనా స్క్రీన్) పెడితే మాట ఎటు పోతుందో మీకూ తెలిసే ఉంటుంది. ఒకసారి గంటన్నర మీటింగ్‌లో గంట సేపు నీలం రంగు ముదురుగా ఉండాలా లేతగానా అన్నదే నడిచింది. అరువు బిల్లు ఎలా రద్దు చేస్తారు అన్న ప్రశ్న ఎవరి నోటా రాలేదు. అప్పటినుంచి మొదటి రెండు మీటింగులకు పెన్సిల్ బొమ్మలే తీసుకెళ్తాను. వంకర గీతలు చూస్తే జనం నిర్మొహమాటంగా తప్పులు చెబుతారు. నున్నగా ఉన్నదాన్ని చూస్తే, పాపం కష్టపడ్డారు కదా అని మొహమాటపడతారు.

ఇక మీకున్నది తెలుగు స్క్రీన్లు కాబట్టి ఒక మాట విడిగా చెప్పాలి. మన డిజైనర్లలో చాలామంది ఇంగ్లీషు అక్షరాలతో స్క్రీన్ గీసి, తర్వాత తెలుగు అతికిస్తారు. వెంటనే మూడు నాలుగు చోట్ల చిరుగుతుంది. తెలుగుకు పైన గుడులు, తలకట్లు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి లైన్ల మధ్య జాగా ఎక్కువ కావాలి. ఇంగ్లీషుకు పెట్టిన ఎత్తులో 'స్త్రీ' అని రాస్తే వత్తులు కింది గీతలో మునిగిపోతాయి. ఇంగ్లీషులో ముఖ్యమైనదాన్ని పెద్దబడి (క్యాపిటల్) అక్షరాల్లో రాసి చూపిస్తారు, మనకు ఆ తేడాయే లేదు, కాబట్టి సైజుతోనో మందంతోనో చూపించాలి. బోల్డ్ లేని ఫాంట్‌ను కంప్యూటర్ చేత బలవంతంగా బోల్డ్ చేయిస్తే చిన్న సైజులో అక్షరాల కడుపులు పూడుకుపోతాయి. నోటో సాన్స్ తెలుగు లాంటి, విడిగా బోల్డ్ ఉన్న ఫాంట్ తీసుకోండి. అంకెల్లో కామాలు 1,00,000 అని లక్షల పద్ధతిలో పడుతున్నాయో లేదో చూడండి. లేకపోతే సామాను రాసే గుమాస్తా ఒక్కసారి ఆగి లెక్కపెట్టుకుంటాడు.

బటన్ల మీద మాటలు ఎవరి బాధ్యత అని మీరు అడగలేదు కానీ అడగాల్సింది. అది యూజబిలిటీ కిందికే వస్తుంది. 'సమర్పించు', 'నిష్క్రమించు' లాంటి మాటలు దుకాణంలో ఎవరూ అనరు. 'బిల్లు వేయి', 'బయటికి' అంటారు. పైగా పొట్టిగా ఉంటాయి, మీ డిజైనర్‌కు బటన్ సైజు తలనొప్పి తగ్గుతుంది. (2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న అక్షరం వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిన సంగతి గుర్తుండే ఉంటుంది. అది డిజైన్ లోపం కాదు, కానీ మన లిపిని చివర్లో గుర్తుచేసుకుంటే ఎలా ఉంటుందో చెప్పడానికి నేను దాన్నే వాడుకుంటాను.)

మీ ఎనిమిది మందితో ఎలా చేయాలి. విడిగా మనిషిని తీసుకునే స్తోమత లేకపోతే మీ గ్రాఫిక్ డిజైనర్‌కే ఈ పని నేర్పవచ్చు. కానీ ఒక షరతు: మొదటి రెండు వారాలు ఆయన ఫిగ్మా (స్క్రీన్లు గీసే సాఫ్ట్‌వేర్) తెరవకూడదు. ప్రోగ్రామర్లలో ఒకరిని వెంటబెట్టుకుని దుకాణాలకు వెళ్లాలి. ప్రోగ్రామర్ ఎందుకంటే, తాను కళ్లారా చూసిన ఇబ్బందిని సరిచేయమని ఎవరూ ఆయన్ను బతిమాలనక్కర్లేదు. తర్వాత కాగితం మీద బొమ్మలు. ఆ బొమ్మలతోనే అయిదుగురు దుకాణదారుల చేత ఒక బిల్లు 'వేయించాలి'. అయిదే ఎందుకంటే, నీల్సన్, లాండవర్ అనే యూజబిలిటీ పరిశోధకులు 1993లో వేసిన లెక్క ప్రకారం ఒక్కో మనిషి సగటున 31 శాతం లోపాలు బయటపెడతాడు, అయిదుగురయ్యేసరికి దాదాపు 85 శాతం దొరుకుతాయి. ఇది ఒకే రకం మనుషులకు వర్తించే లెక్క. యజమాని వేరు, జీతగాడు వేరు. ఇద్దరూ వాడితే ఇద్దరి నుంచీ మనుషులు కావాలి. వాళ్లకు నేర్పకండి, సాయం చేయకండి. తడబడుతుంటే చూస్తూ ఊరుకోవడం చాలా కష్టం. నాకు ఇప్పటికీ చేతులు దురదపెడతాయి.

ఆ తర్వాతే విజువల్ డిజైన్. ఒక్కో స్క్రీన్ కాదు, ముందు సామగ్రి తేల్చుకోండి: మూడు సైజుల అక్షరాలు, రెండు మూడు రంగులు, గడుల మధ్య ఎడం. అవి కోడ్ మొదలయ్యేసరికి ప్రోగ్రామర్ల చేతిలో ఉంటే, చివర్లో 'రంగులూ హంగులూ' అనే పనే మిగలదు. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ (వెలుగు తేడా) కనీసం 4.5:1 ఉండాలన్నది అంతర్జాతీయ మార్గదర్శకం. లేత బూడిదరంగు అక్షరాల ఫ్యాషన్ ఎండ పడే దుకాణంలో పనికిరాదు. బాకీ ఎరుపు, జమ ఆకుపచ్చ అని రంగు ఒక్కదాని మీదే వదిలేయకండి, ఆ రెండు రంగులకూ తేడా తెలియని కళ్లు ఉంటాయి. పక్కన మాట కూడా పెట్టండి.

ఇద్దరికీ పేచీ వస్తే చివరి మాట ఎవరిది? నా పద్ధతి ఇది. స్క్రీన్ మీద ఏముండాలి, ఏ వరుసలో ఉండాలి, ఏమని పిలవాలి అన్నదాంట్లో యూజబిలిటీ చూసినవాళ్లది. అది ఎలా కనిపించాలి అన్నదాంట్లో విజువల్ డిజైనర్‌ది. రెండూ కలిసిపోయిన చోట ఎవరి మాటా చెల్లదు, మళ్లీ దుకాణానికి వెళ్లి చూసి రావాలి. మేనేజరు అభిరుచికి మాత్రం లోగో దగ్గర చోటివ్వండి. ఆయన కూడా మనిషే.

అన్ని ప్రాజెక్టులూ ఒకటి కాదు. నగల అమ్మకం, పెళ్లిపత్రికలు లాంటివాటిలో కనిపించే తీరే సరుకు, కాబట్టి విజువల్ డిజైనర్ మొదటి రోజు నుంచే ఉండాలి. రోజంతా ఒకే మనిషి ఒకే పని చేసే సాఫ్ట్‌వేర్‌లో కీబోర్డూ వేగమూ ముందు. మీది రెండో రకం.

మీ విషయంలో నేనైతే ముందు ఏం చూస్తానో చెబుతాను. సబ్సిడీ ఎరువు అమ్మాలంటే దుకాణంలో ఇప్పటికే ప్రభుత్వ పీఓఎస్ యంత్రం ఉంటుంది, రైతు ఆధార్, వేలిముద్రతో. అదయ్యాక మీ సాఫ్ట్‌వేర్‌లో అదే రైతును, అవే బస్తాలను మళ్లీ కొట్టాలి. రెండుసార్లు రాయడం అతనికి ఎక్కడ విసుగు పుట్టిస్తుందో చూడండి. యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ 50 కిలోలు, అతను బస్తాల్లో లెక్కిస్తాడా కిలోల్లోనా చూడండి. అరువు పద్దు ఇప్పుడు ఏ పుస్తకంలో రాస్తున్నాడు, ఆ పుస్తకంలో పేరు పక్కన ఊరు రాస్తాడా, తండ్రి పేరు రాస్తాడా చూడండి. ఒకే పేరుతో నలుగురు రైతులుండే ఊళ్లో మీ వెతుకు గడి దాని మీదే ఆధారపడుతుంది. వానలు పడ్డ మర్నాడు, జనం ఎగబడే రోజున వెళ్లండి. ఖాళీగా ఉన్న మధ్యాహ్నం వెళితే ఆయన టీ ఇప్పించి, అంతా బాగుందని చెప్పి పంపిస్తాడు.

ఆ అరువు పుస్తకంలో ఒక పేజీకి, పేర్లు మూసి, ఆయన అనుమతితో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. మొదటి స్క్రీన్ ఎలా ఉండాలో దాన్ని చూసి మాట్లాడుకుందాం.